బొగ్గుబండి బొమ్మ

గోదావరిఖనిలో కాపురమున్నవాళ్లకు రైలు కూత కోడికూతతో సమానం. భూమి లోపల టబ్బులు, పైన వ్యాగన్లు. బొగ్గుకూ పట్టాలకూ యిక్కడ విడదీయరాని చుట్టరికం. అటువంటి వూళ్లో పుట్టిన మావాడికి తొమ్మిదేళ్లు నిండిన రోజున కరీంనగరం నుంచి ఒక రైలుబొమ్మ కొని తెచ్చాను.

బ్యాటరీ వేస్తే గుండ్రంగా తిరుగుతుంది. ముందు ఆవుల్ని పక్కకు నెట్టే ఇనుపచట్రం, పైన గరాటులాంటి పొగగొట్టం. అమెరికా సినిమాల్లో దొంగలు దోచుకొనే రైలన్నమాట! వాడు రెండు చుట్లు తిప్పి చూశాడు.

"బాపూ, ఇది మన బండి కాదు. మన బొగ్గుబండి కొనియ్యి."

అంతే గదా అనుకొన్నాను. తెలుగు చెప్పుకొని బ్రతికేవాణ్ణి, యింజన్ల సంగతి నాకేం తెలుసు? ఆ 'అంతే' కోసం ఆరు నెలలు వెదికాను.

ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ అనే ఆయన 1920లో తాళంచెవి తిప్పితే నడిచే రైళ్లు అమ్మకం మొదలుపెట్టాడు. జర్మనీలో మార్క్‌లిన్ వారు అంతకుముందే, 1891లోనే, బొమ్మపట్టాలకు కొలతలు నిర్ణయించారు. నేడు ఆ దేశాల్లో తన వూరి మీదుగా పోయిన యింజనును, దాని నంబరుతో సహా, అచ్చుగుద్దినట్లు కొనుక్కోవచ్చు. 150, 200 పౌన్లు పెట్టగలిగితేనే సుమా! అక్కడ కూడా యే మారుమూల చిన్న రైలునో కోరుకున్నవాడు విడిభాగాలు తెచ్చి అతుక్కోవలసిందే.

మరి మన బండి యెందుకు లేదు? బొమ్మను పోతపోయడానికి ఉక్కు అచ్చు కావాలి. ఆ ఖర్చు రావాలంటే వేలసంఖ్యలో బొమ్మలు చెల్లాలి. కొనేవాళ్లు లేరని అచ్చు చేయరు; చవకగా బొమ్మ దొరకదు గనుక కొనేవాళ్లు తయారుకారు. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదన్న సామెత యిందుకే పుట్టిందేమో. పోనీ, విదేశాల నుంచి యేదో ఒకటి తెప్పిద్దామా అంటే బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో నూటికి 20 నుంచి 60కి, 2023లో 70కి యెక్కింది. దేశంలో బొమ్మలు చేసేవాళ్లకు మేలు జరగాలని పెంచారు, కాదనను. కాని మావాడు కోరే బొమ్మ అక్కడా లేదు, యిక్కడా లేదు.

ఇంకో చిక్కు వుంది, యిది నాకు కాగితం మీద లెక్క వేస్తే గాని బోధపడలేదు. మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య యెడం 1,676 మిల్లీమీటర్లు. ఐరోపా, అమెరికాల్లో హెచ్చుభాగం 1,435. దానిని 87వ వంతుకు తగ్గించి చేసినవే బజారులో దొరికే 16.5 మిల్లీమీటర్ల బొమ్మపట్టాలు. మన బండిని అదే లెక్కన తగ్గిస్తే యెడం 19 మిల్లీమీటర్లు దాటాలి. అచ్చంగా మన యింజనే చేస్తే ఆ పట్టాల మీద యెక్కదు. యెక్కేటట్లు చక్రాలు దగ్గరికి నొక్కితే అచ్చంగా మనది కాదు!

పొడుగు మాటో? మన బొగ్గు వ్యాగను సుమారు 10.7 మీటర్లు. 87వ వంతంటే 12 సెంటీమీటర్ల పైచిలుకు. బండికి 58 వ్యాగన్లనుకొంటే యింజను గాక ఏడు మీటర్లు. మా అద్దె యింటి వరండా పన్నెండడుగులు. ఒక్కొక్కటి వెయ్యి రూపాయలకే దొరికినా 58,000! ఈ లెక్క మా ఆవిడకు చూపించలేదు.

చివరికి మా వీధిలోనే వుండే ఒక ముసలాయన దగ్గరికి పోయాను. గనిలో ఫిట్టరుగా చేసి దిగిపోయినవాడు.

"టబ్బయితే చిటికెల జేసిస్త సార్. ఇంజనంటే జర టైం గావాలె" అన్నాడు.

నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి కర్ర ముక్క తెప్పించుకొన్నాడు. నెలరోజులకు పొడుగాటి మూతి, ఒక కొసకు డ్రైవరు గది, పక్కల గాలి జాలీలు—చెక్కి రంగేసి యిచ్చాడు. డబ్ల్యూ.డి.యం.2 డీజిలు యింజను! 1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి వచ్చి, 1964 నుంచి వారణాసిలో తయారై, 1998 దాకా 2,500కు పైగా బయటికొచ్చిన రకం. అంతకాలం దేశాన్ని లాగిన యింజనుకు మామూలు బజారులో బొమ్మ లేకపోయింది. ముసలాయన అరచేతిలో అది మెరిసిపోతున్నది.

మావాడు తిప్పి తిప్పి చూశాడు.

"తాతా, మీద కరెంటు తీగెకు తాకేది యేది?"

ముసలాయన నా ముఖం చూశాడు. వాడు పుట్టేనాటికే యీ దారిలో బొగ్గుబండ్లను కరెంటు యింజన్లు లాగుతున్నాయి మరి. ఆయన తన బండిని చేశాడు; వాడు అడిగింది తన బండి.

"అది మా కాలం బండి బిడ్డా. నీ బండి గూడ జేస్త" అన్నాడాయన, కాసేపాగి.

నిన్న సాయంత్రం పోయేసరికి గడపలో కూర్చొని సైకిలు పుల్లలు వంచుతున్నాడు. పక్కన నూనెడబ్బా రేకుతో చేసిన వ్యాగన్లు మూడున్నాయి. మావాడు అక్కడే చేరి, యింకా యాభై అయిదు కావాలని లెక్క చెపుతున్నాడు.