పోలీసును చూస్తే ధైర్యమా, భయమా?

మాది కైరుప్పల. ఉగాది మరుసటి రోజు మా పిడకల సమరానికి పోలీసులు బందోబస్తుకు వస్తారు. వాళ్ళను చూసి మేమెవరం పారిపోం.

ఎరుకల వాళ్ళకు మాత్రం అంత ఈజీ కాదు. 1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మన మద్రాసు ప్రెసిడెన్సీకీ పెట్టారు. పుట్టుకతోనే దొంగ అని ముద్ర! స్టేషన్‌లో పేరు రాయించుకోవాలి, వేలిముద్రలివ్వాలి, ఊరు దాటాలంటే పర్మిషన్. 1952లో చట్టం రద్దయింది. అనుమానం రద్దవలేదు.

అమెరికాలో టామ్ టైలర్ అనే ప్రొఫెసర్ చికాగోలో 1,575 మందిని పోలీసులు, కోర్టుల గురించి అడిగాడు. కేసు గెలిచామా ఓడామా అన్నదానికంటే, మా మాట విన్నారా, మర్యాదిచ్చారా అన్నదే జనానికి ఎక్కువ ముఖ్యమని తేలింది.

ఇది చదివాక నాకు మన స్టేషన్లే గుర్తొచ్చాయి. ఎరుకలాయన కంప్లైంట్ ఇవ్వడానికి పోతే, ముందు "కూర్చోన్నా" అంటారా, "మీదే కులం రా?" అంటారా?