విడిభాగాలు తెచ్చి రైఫిల్ బిగిస్తే ఏమవుతుంది?

ఇంట్లోనే సెమీ ఆటోమేటిక్ రైఫిల్ బిగించే అమెరికా వీడియోలు మీ ఫీడ్‌లోకీ వచ్చే ఉంటాయి. "అన్నా, అదే మన అమలాపురంలో చేస్తే?" అని అడిగేవాళ్ల కోసమే ఈ ఎపిసోడ్.

అక్కడి ఫెడరల్ చట్టం లెక్కలో తుపాకీ అంటే ముఖ్యంగా రిసీవర్, అంటే మెయిన్ బాడీ. బ్యారెల్, స్టాక్ లాంటివి ఉత్త విడిభాగాలే. మన దగ్గర అలా కాదు. 1959 ఆయుధ చట్టంలో తుపాకీ విడిభాగం కూడా తుపాకీ కిందకే వస్తుంది, దాన్ని తయారుచేసే మెషీన్ కూడా! లైసెన్స్ లేకుండా తయారుచేస్తే సెక్షన్ 25. ఇదివరకు కనీస శిక్ష 3 ఏళ్లు. 2019 సవరణ తర్వాత కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. 3డీ ప్రింటర్‌లో తీసినా అది తయారీయే. "సరదాకి చేశా" అంటే వినరు.

రాజోలు నుంచి గల్ఫ్ వెళ్దామనుకునే తమ్ముళ్లూ, ఇది గుర్తుపెట్టుకోండి: కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే పాస్‌పోర్ట్ ఇవ్వకుండా ఆపొచ్చు.

గురి మీదే ఇష్టమా? అయితే ఎయిర్ రైఫిల్ ఉంది. పాయింట్ 177 బోర్ దాటకుండా, 20 జౌల్స్ లోపు ఉంటే లైసెన్స్ అక్కర్లేదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం కొట్టింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. బిగించడం కాదు, గురి నేర్చుకోండి. ఉంటా మరి!