తీగ పట్టినంత మాత్రాన సరిపోదు

పిల్లల చదువు నిమిత్తం కంప్యూటరు కొనే కుటుంబాలు సరిహద్దు గ్రామాలలో నేడు అరుదు కాదు. యంత్రం ధరను గురించి పదిమందిని విచారించే గృహస్థులు, దానికి తగిలించే తీగలను గురించీ, ఇంటర్నెట్టును ఇంటిలో పంచిపెట్టే రౌటరును గురించీ దుకాణదారు మాటనే ప్రమాణంగా స్వీకరిస్తూ ఉంటారు. సొమ్ము వృథా అయ్యేది తరచు అక్కడే.

1996లో యుఎస్‌బి ప్రమాణం వెలువడక పూర్వం కంప్యూటరు వెనుక భాగంలో తాళానికొక చెవి అన్నట్లుండేది. కీబోర్డుకొక రంధ్రం, ప్రింటరుకొకటి, మోడెముకు మరొకటి. ఇంటెల్ సంస్థలో పనిచేసిన, భారతదేశంలో జన్మించిన ఇంజనీరు అజయ్ భట్, ఆయన సహచరుల కృషితో రూపొందిన యుఎస్‌బి ఆ గందరగోళాన్ని చాలావరకు తొలగించింది. తొలి తరం గరిష్ఠ వేగం సెకనుకు 12 మెగాబిట్లు. 2000లో వచ్చిన రెండవ తరం దానిని 480కి, 2008 నాటి మూడవ తరం 5,000కు పెంచాయి.

2014లో టైప్-సి వచ్చింది. ఎటు తిప్పి పెట్టినా పట్టే ఈ సంధానంలో 24 పిన్నులకు చోటుంది. అయితే అసలు చిక్కు ఇక్కడే మొదలయింది. టైప్-సి అనేది ఆకారానికి పేరే గాని వేగానికి పేరు కాదు. ఫోన్లతోపాటు వచ్చే టైప్-సి తీగలు అనేకం లోపల రెండవ తరానివే. వాటితో ఫోను ఛార్జి అవుతుంది, ఫొటోలు కంప్యూటరులోకి చేరుతాయి. తెరకు బొమ్మను పంపడం, పెద్ద ఫైళ్లను త్వరితంగా తరలించడం మాత్రం వాటి తరం కాదు. మంచి తీగ కొన్నా, లాప్‌టాపులోని రంధ్రానికి బొమ్మను పంపే శక్తి లేకపోతే ఫలితం శూన్యమే. విద్యుత్తు సంగతి కూడా అటువంటిదే: రెండు కొసలా టైప్-సి ఉన్న సాధారణ తీగ 60 వాట్ల వరకే మోస్తుంది. అంతకు మించి కోరే లాప్‌టాపుకు 100 లేదా 240 వాట్లని ముద్రించిన తీగ కావాలి. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుంచి కొత్త ఫోన్లకు టైప్-సిని తప్పనిసరి చేసింది. రంధ్రాలు ఒక్కటయ్యాయి గాని తీగల వేగాలు ఒక్కటి కాలేదు.

తీగ లేని చోట ఇదే చిక్కు అంకెల రూపంలో ఎదురవుతుంది. 802.11 అనే సంఖ్య చివర అక్షరాలు చేర్చి పిలిచిన వైఫై ప్రమాణాలకు 2018లో వైఫై 4, 5, 6 అనే సులభమైన పేర్లు పెట్టారు. అంతవరకు మేలే. కాని పెట్టెపై 6 అని ఉన్నంత మాత్రాన పాత ఫోను వేగం పెరగదు. వైఫై 4 ఫోను ఏ రౌటరుతోనైనా తన పాత పద్ధతిలోనే మాట్లాడుతుంది.

అంకె కంటె ముఖ్యమైనది ఇంటి గోడ. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం దూరం పోతుంది, గోడలను కొంత మెరుగ్గా దాటుతుంది. వేగం తక్కువ, ఇరుగుపొరుగు రౌటర్ల రద్దీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ తరంగం వేగవంతమైనదే గాని మందపు రాతిగోడ, మట్టిగోడ దాటేసరికి నీరసిస్తుంది. ఇనుప రేకు రెండింటికీ అడ్డే. భద్రత కోసమని రౌటరును ఇనుప బీరువా వెనుక దాచే ఇళ్లలో ఎంత ఖరీదైన యంత్రమైనా ఏమి చేయగలదు? రెండు తరంగాలూ ఉన్న రౌటరును నడిమి గదిలో, ఎత్తున పెట్టడం ఉత్తమం.

పెట్టెపై చూడవలసిన మరొక చిన్న అక్షరం ఉంది. రౌటరు వెనుక తీగ రంధ్రాలకు ఎదురుగా 10/100 అని ఉంటే, నెలకు ఎంత చెల్లించినా, సెకనుకు 100 మెగాబిట్లకు మించి రావు. 200 మెగాబిట్ల పథకం తీసుకున్నవారికి గిగాబిట్ రంధ్రాలున్న రౌటరే తగినది. అందులోని తీగ సైతం సరిగా ఉండాలి: గిగాబిట్‌కు ఎనిమిది తంతులూ పనిచేయాలి, 100కు నాలుగు చాలు. అందువల్ల లోపల ఒక తంతు తెగితే వేగం చప్పుడు లేకుండా 100కు పడిపోవచ్చు.

వేగం తగ్గినప్పుడు ముందుగా లాప్‌టాపును తీగతో నేరుగా రౌటరుకు కలిపి చూడాలి. అప్పుడు వేగం వస్తే దోషం వైఫైలో, అంటే రౌటరు పెట్టిన చోటులోనో గోడలలోనో ఉన్నట్లు. తీగను మార్చినా రాకపోతే కనెక్షను ఇచ్చినవారిని పిలవవలసిందే.