పాడైన యంత్రం పాడిన పాట

1961లో మార్టీ రాబిన్స్ పాడిన 'డోంట్ వర్రీ' అనే పాట అమెరికాలో విశేష జనాదరణ పొందింది. నెమ్మదిగా, నిబ్బరంగా సాగే పాట అది. అయితే నడుమ ఒకచోట, రేకుడబ్బాలో చిక్కుకున్న తుమ్మెదల గుంపు ఒక్కసారిగా రొద చేసినట్లు బొంగురైన ధ్వని ఒకటి వినవస్తుంది. తొలిసారి విన్నవారు తమ రేడియో చెడిపోయిందని అనుకుంటే ఆశ్చర్యం లేదు. నిజంగానే ఒక యంత్రం చెడిపోయింది. కాని అది శ్రోత ఇంటిలోది కాదు, నాష్‌విల్ నగరంలో ఆ పాటను రికార్డు చేసిన స్టూడియోలోది.

గ్రేడీ మార్టిన్ అనే వాద్యకారుడు ఆరుతీగెల బాస్ గిటారు వాయిస్తుండగా, ఆ ధ్వని ప్రవహించే మార్గంలోని ట్రాన్స్‌ఫార్మరు దెబ్బతిన్నది. మృదువుగా పలకవలసిన స్వరం గరగరలాడింది. ఆ భాగాన్ని తీసివేసి మళ్ళీ వాయించాలా, ఉన్నదున్నట్లు ఉంచాలా అన్న చర్చ జరిగి, చివరకు ఉంచడానికే నిశ్చయించారు. పాట ప్రజాదరణ పొందాక ఇతర గాయకులూ ఆ ధ్వనికోసం రాసాగారు. రికార్డింగు ఇంజనీరు గ్లెన్ స్నాడీ తరువాతి కాలంలో చెప్పినదాని ప్రకారం, నాన్సీ సినాత్రా అనే గాయని వచ్చి తనకూ అదే కావాలని కోరేనాటికి ఆ పరికరం పూర్తిగా మూగబోయింది!

చెడిపోయిన వస్తువును బాగుచేయడం ఇంజనీర్లకు నిత్యకృత్యం. చెడిపోయిన తీరును తిరిగి సృష్టించవలసిన విచిత్రమైన పని స్నాడీ నెత్తిన పడింది. సహోద్యోగి రెవిస్ హాబ్స్‌తో కలిసి అతడు ట్రాన్సిస్టర్లతో ఒక చిన్న సర్క్యూటు నిర్మించాడు. గిటార్ల తయారీలో పేరుమోసిన గిబ్సన్ సంస్థ 1962లో దానిని 'మాయెస్ట్రో ఫజ్-టోన్' అన్న పేరుతో విపణిలోకి తెచ్చింది. గిటారుకు, ఆంప్లిఫయరుకు మధ్య తగిలించే లోహపు పెట్టె అది. వాద్యకారుని రెండు చేతులూ తీగెల మీదనే ఉంటాయి గనుక దానిని నేలపై ఉంచి కాలితో నొక్కుతారు. అందుకే ఇటువంటి పెట్టెలకు 'పెడల్' అనే పేరు స్థిరపడింది.

ఈ పెట్టె ఉంటే గిటారు చేత ట్రాంబోనులాగా, చెల్లోలాగా పలికించవచ్చునని సంస్థ ప్రకటించింది. దుకాణదారులు మొదట ఉత్సాహంగా సరుకు తెప్పించుకున్నారు గాని, కొనుగోలుదారులు అంతగా ముందుకు రాలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం 'శాటిస్‌ఫాక్షన్' పాటను రికార్డు చేసినప్పుడు కథ మలుపు తిరిగింది. పాటకు ఆయువుపట్టయిన స్వరపంక్తిని బాకాల బృందం చేత వాయింపజేయాలని గిటారు వాద్యకారుడు కీత్ రిచర్డ్స్ సంకల్పం. బాకాలవారికి నమూనాగా ఉంటుందని ఫజ్-టోన్ మీద వాయించి ఉంచాడు. తక్కినవారు ఆ నమూనానే ఖాయం చేసి విడుదల చేశారు. కంపెనీ ప్రకటనను అక్షరాలా నమ్మి, గిటారును బాకాకు మారుగా వాడినవాడు ఆయనే కాబోలు! ఆ సంవత్సరాంతానికి నిలువ ఉన్న పెట్టెలన్నీ అమ్ముడుపోయాయి.

ఇందులోని కిటుకు చిన్నదే. గిటారు తీగె కంపనం విద్యుత్ తరంగంగా మారి ఆంప్లిఫయరును చేరుతుంది. దారిలో ఆ తరంగాన్ని ట్రాన్సిస్టరు మోయగలిగినదానికంటె పెద్దదిగా పెంచితే, దాని శిఖరాలు కత్తిరించినట్లు చదునవుతాయి. అప్పుడు మూలస్వరంతోపాటు పైస్థాయి అనుస్వరాలు అనేకం పుట్టుకువస్తాయి. తంబురా గుర్రం మీద తీగె కింద నూలుపోగును సరిగ్గా సర్దితే నాదానికి జీవం వచ్చి, ఒక్క తీగెలోనే పది స్వరాలు ఝుమ్మనడం మన సంగీతజ్ఞులు ఎరిగినదే. సాధనాలు వేరైనా ఈ రెంటికీ చుట్టరికం ఉంది.

యంత్రంతో నాదాన్ని మార్చే ప్రయత్నాలు ఫజ్-టోన్‌కు ముందూ లేకపోలేదు. 1940 దశకంలోనే అమెరికాలోని టొలీడో నగరంలో డిఆర్మండ్ పేరుతో ఒక పెట్టె తయారయింది. అందులో చిన్న మోటారు ఒకటి, అది కుదిపే చిన్న పాత్రలో విద్యుత్తును ప్రసరింపజేసే ద్రవం కొంచెం ఉంటాయి. ద్రవం అటూ ఇటూ కదిలి లోపలి లోహపు మొనను తాకినప్పుడల్లా గిటారు ధ్వని తగ్గి, విడిచినప్పుడల్లా హెచ్చుతుంది. ఫలితంగా స్వరం అలలు అలలుగా వణుకుతుంది. అలల భ్రాంతికోసం నిజంగానే ద్రవాన్ని కుదిపిన ఈ ఉపాయం తలచుకున్నప్పుడల్లా నవ్వూ, గౌరవమూ కలుగుతాయి.

ఇంతకంటె చిత్రమైనది నూనెడబ్బా ప్రతిధ్వని యంత్రం. దీనిని 1960 దశకంలో రే లుబో అనే అమెరికన్ రూపొందించాడు. మూతవేసిన గుండ్రని డబ్బాలో లోహపు చక్రం తిరుగుతూ ఉంటుంది. ధ్వని విద్యుదావేశంగా మారి ఆ చక్రం అంచుపై నిలుస్తుంది. పలుచని నూనెపొర ఆ ఆవేశం చెదరిపోకుండా కాపాడుతుంది. చక్రం కొంత తిరిగాక దానిని మళ్ళీ గ్రహిస్తే ప్రతిధ్వని వినిపిస్తుంది. చీకటి బావిలోనుండి ఎవరో బదులు పలికినట్లుండే ఆ ధ్వని, స్పష్టతలో టేపు యంత్రాలకు తీసికట్టే. కాని ఆ మసకకోసమే దానిని కోరేవారున్నారు. ఫెండర్, గిబ్సన్ వంటి పెద్ద సంస్థలు సైతం తమ పేర్లతో దానిని విక్రయించాయి. రే లుబో సోదరులు తమ పెడల్స్‌కు 'మోర్లీ' అని పేరు పెట్టడంలోనూ చమత్కారం చూపారు. ఆనాడు ప్రసిద్ధమైన తిరుగుడు స్పీకరు పేరు 'లెస్లీ'. ఇంగ్లీషులో 'లెస్' అంటే తక్కువ, 'మోర్' అంటే ఎక్కువ! ఈనాడు ఆ నూనెడబ్బాలు కొన్నవారికి మిగిలే చిక్కు ఏమంటే, అనేకం కారిపోయి, లేదా లోపలి రబ్బరు చెడి, మాట పడిపోయిన స్థితిలో దొరుకుతాయి.

పాత పెడల్స్‌ను సేకరించేవారి అసలు సమస్య ఇదే. వారు కొనేది పెట్టెను. కోరుకునే ధ్వని ఆ పెట్టెలోని నశించిపోయే పదార్థాలలో ఉన్నది.

1966లో లండన్‌లో ఐవర్ ఆర్బిటర్ సంస్థ విడుదల చేసిన 'ఫజ్ ఫేస్' ఇందుకు మంచి ఉదాహరణ. మైకు స్టాండు అడుగుభాగాన్ని చూసి దానికి గుండ్రని ఆకారం ఇచ్చారు. లోపల ఉన్నవి రెండే ట్రాన్సిస్టర్లు. అవి జర్మేనియంతో చేసినవి. మన దేశంలో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1962లో తయారీ ఆరంభించినదీ ఆ జాతి ట్రాన్సిస్టర్లనే. జర్మేనియం వేడికి ఓర్వదు. ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పెరిగితే అందులో వృథాగా కారే విద్యుత్తు రెట్టింపవుతుంది. సాయంకాలం చల్లగాలిలో మధురంగా పలికిన పెట్టె, మర్నాడు ఎండలో వేదిక ఎక్కితే గొంతు పట్టినట్లు పలుకుతుంది. పైగా ఒక ట్రాన్సిస్టరు బలం మరొకదానికి సమానంగా ఉండదు. ఒకే రోజు, ఒకే బల్లమీద తయారైన రెండు పెట్టెలు వేర్వేరుగా ధ్వనించేవి. అందువల్లనే జిమి హెండ్రిక్స్‌కు పరికరాలు సమకూర్చిన రోజర్ మేయర్ వాటిని పరీక్షించి, ఏరి, సవరించేవాడు. మేయర్ అంతకుముందు బ్రిటిష్ నౌకాదళ శాఖలో ధ్వని, కంపనాలపై పరిశోధన చేసినవాడు!

తరువాత నిలకడగల సిలికాన్ ట్రాన్సిస్టర్లు రావడంతో జర్మేనియం వెనుకబడింది. ఇప్పుడు పాతరకం ఫజ్ పెట్టెలు చేసేవారు, సోవియట్ కాలంలో తయారై వాడకుండా మిగిలిపోయిన జర్మేనియం ట్రాన్సిస్టర్లను సైతం వెతికి తెచ్చి, ఒక్కొక్కటే కొలిచి జతకూర్చుతున్నారు.

జపాన్‌లో 1960 దశకం చివర షిన్-ఐ సంస్థ తయారుచేసిన 'యూని-వైబ్' కథ మన పాత రేడియో శ్రోతలకు సులభంగా బోధపడుతుంది. షార్ట్‌వేవ్‌లో రేడియో సిలోన్ విన్న తరానికి, స్టేషను దగ్గరై, దూరమై, మునిగి, తేలుతూ వచ్చే ఆ ఊగిసలాట జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఆకాశంలోని అయనావరణం నుండి వేర్వేరు దారులలో పరావర్తనమై వచ్చిన తరంగాలు ఒకదానితో ఒకటి కలిసీ, కలహించీ ఆ స్థితి కల్పిస్తాయి. తాను మాస్కో రేడియోలో విన్న అటువంటి ధ్వనినే పట్టుకోవాలని ప్రయత్నించినట్లు యూని-వైబ్ నిర్మాత ఫుమియో మియెడా చెప్పాడు. పెట్టె నడుమ చిన్న బల్బు, చుట్టూ వెలుతురును గ్రహించే నాలుగు కాడ్మియం ఘటాలు అమర్చాడు. బల్బు ఊపిరి తీసినట్లు వెలుగుతూ, మందగిస్తూ ఉంటే ధ్వని దశ మారుతుంది. ఘటాలు వెలుతురుకు స్పందించడంలో కొంత జాగు చేస్తాయి. ఆ జాగే దాని అందం. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ ఉత్సవంలో హెండ్రిక్స్ వాడినది ఈ యంత్రమే. అయితే కాడ్మియం విషపదార్థం. 2006 నుండి ఐరోపా సమాఖ్య విద్యుత్ పరికరాలలో దాని వాడకాన్ని కఠినంగా పరిమితం చేసింది. ఆ నిబంధన న్యాయమైనదే. కాని ఆ నాలుగు ఘటాలకు సాటివచ్చే ప్రత్యామ్నాయం కోసం వెదుకులాట అప్పటినుండి హెచ్చింది.

అరుదైన ప్రతి పెట్టెలోనూ ఇటువంటి రహస్యం ఉంటుందనుకోవడం పొరబాటు. 1990 దశకంలో మొదలుపెట్టి బిల్ ఫినెగన్ అనే అమెరికన్ దాదాపు ఒంటరిగా తయారుచేసిన 'క్లోన్ సెంటార్' పెడల్స్ సుమారు 8,000. సర్క్యూటు ఎవరికీ కనబడకుండా దానిపై నల్లని జిగురు పోసి గట్టిపరిచేవాడు. కొన్ని వందల డాలర్లకు అమ్మిన ఆ పెట్టె నేడు అనేక వేల డాలర్లు పలుకుతున్నది. ఎవరో ఓపికగా ఆ జిగురు తొలగించి చూస్తే, లోపల ఉన్నవి చక్కని ఆలోచనతో కూర్చిన మామూలు భాగాలే. అప్పటినుండి నకళ్ళు లెక్కకు మించి వచ్చాయి. మంచి నకలును అసలు నుండి చెవితో వేరుచేయడం బహుకష్టం. ఫజ్ ఫేస్ విషయంలో చెల్లించే ధరలో కొంతభాగమైనా ధ్వనికి చెందుతుంది. ఇక్కడ అధికభాగం పేరుకే చెందుతుందని నా అభిప్రాయం. ఫినెగన్‌కూ ఆ సంగతి తెలియకపోలేదు. 2012లో అదే సర్క్యూటుతో ఎక్కువ సంఖ్యలో తయారయ్యే చౌక పెడల్‌ను విడుదల చేస్తూ, ఈ హాస్యాస్పదమైన ఆర్భాటం తాను సృష్టించినది కాదని గుర్తుంచుకోవలసిందిగా కొనేవారిని కోరుతూ, ఆ మాటను పెట్టె మీదనే అచ్చువేయించాడు.