కారుకు వారంటీ తీరితే...



మన పెనుకొండ పక్కనే ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలైంది. ఆ తొలినాటి కార్లకిచ్చిన మూడేళ్ల వారంటీ ఎప్పుడో తీరింది. అలాంటివి చేతులు మారి మనలాంటివాళ్ల ఇళ్లకు వస్తున్నాయి.

హిందూపురంలో మేము సెకండ్ హ్యాండులో కొన్న కారుకూ పోయిన నెల వారంటీ తీరింది. "రేపు ఇంజను పోతే? అమ్మేద్దాం" అన్నారు మావారు. చేతిలో ఉన్నది అమ్మాయి కాలేజీ ఫీజు డబ్బే. అందుకే పద్దు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను.

వారంటీ అంటే తయారీ లోపాలకిచ్చే హామీ. అరిగిపోయే బ్రేకు ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, టైర్లకు మామూలుగా అది వర్తించదు. ఆ ఖర్చు ఇన్నాళ్లూ మనమే పెట్టుకుంటున్నాం.

ధర్మవరం పట్టుచీరకు ఫాల్ చిరిగితే ఫాల్ మారుస్తాం. చీరే పిగిలితేనే కదా తీసేస్తాం! కారూ అంతే. నమ్మకమైన మెకానిక్కుకు ఇంజను, గేర్ బాక్సు, అడుగున తుప్పు చూపించండి. ఏడాది రిపేర్లకు ఎంతవుతుందో రాయించుకోండి. పక్కనే కారు మారిస్తే అయ్యేది వేయండి: పాతదాని మీద నష్టం, అప్పుకు వడ్డీ, పన్ను, ఇన్సూరెన్సు.

మా పద్దులో రెండోదే ఎక్కువ తేలింది. కారు ఉంచుకున్నాం. రిపేర్లకని నెలనెలా పోస్టాఫీసు పొదుపు ఖాతాలో కొంత వేస్తున్నాను. ఇంజనో గేర్ బాక్సో మాటిమాటికీ మొరాయిస్తే మాత్రం, లోపం దాచకుండా చెప్పి అమ్మేయండి.

మీ కారుకింకా గడువుందా? ఇవాళే కాగితం తీసి తేదీ చూడండి. గడువులోగా బయటపడిన తయారీ లోపం కంపెనీ లెక్క. మర్నాడు బయటపడితే మన లెక్క!