రేకు వంగితే తిరిగే వెలుగు

వాన్ డి గ్రాఫ్ యంత్రం నుంచి వచ్చే అయాన్ల పుంజానికి అడ్డంగా అతి పల్చని కార్బన్ రేకును ఉంచితే, అవతలి శూన్యంలో సన్నని వెలుగు చార కనిపిస్తుంది. రేకు మందం 50 నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల హీలియం అయాన్ దాన్ని సెకనులో కోటికోట్ల వంతు కూడా పట్టకుండానే దాటేస్తుంది. ఆ కాస్త వ్యవధిలోనే అది ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటుంది, కొన్నిటిని తిరిగి పట్టుకుంటుంది, ఉత్తేజిత స్థితిలో బయటపడుతుంది. ఆ అదనపు శక్తే కాంతిగా వెలువడుతుంది.

1960ల తొలి సగంలో మాంచెస్టర్‌లో ఎల్. కే, అరిజోనాలో స్టాన్లీ బాష్కిన్ విడివిడిగా ఈ వెలుగును పరిశీలించే పద్ధతికి పునాది వేశారు. ఇందులో దూరమే గడియారం. పై హీలియం అయాన్ నానోసెకనుకు సుమారు 7 మిల్లీమీటర్లు సాగుతుంది. రేకు నుంచి దూరం పెరిగేకొద్దీ వెలుగు ఎంత తగ్గిందో కొలిస్తే ఉత్తేజిత స్థితి ఆయుర్దాయం తెలుస్తుంది.

కొన్ని వర్ణరేఖల కాంతి మాత్రం సాఫీగా తగ్గదు, హెచ్చుతగ్గులతో ఊగుతుంది. దగ్గరదగ్గర శక్తులున్న స్థితులు ఒకేసారి, ఒకే లయలో ఉత్తేజితం కావడం వల్ల పుట్టే క్వాంటమ్ విస్పందనాలివి. 1969లో జోసెఫ్ మాసెక్ వీటి సిద్ధాంతాన్ని వివరించాడు. బయటి క్షేత్రమేదీ లేకుండానే 1970లో ఆండ్రే హీలియంలో వీటిని చూపాడు. ధ్రువణ ఫలకం గుండా చూస్తే ఇవి స్పష్టంగా కనిపిస్తాయి, ఎందుకంటే రేకు దాటిన పరమాణువులు అన్ని దిక్కులకూ ఒకేలా ఉండవు.

అసలు విశేషం రేకును పుంజానికి ఏటవాలుగా వంచినప్పుడు బయటపడింది. రేకు పుంజానికి లంబంగా ఉంటే, పుంజాన్ని అక్షంగా చేసుకుని చుట్టూ ఎటు చూసినా ఒకటే. ఎడమకో కుడికో తిరగడానికి అక్కడ కారణమే లేదు కాబట్టి వెలువడే కాంతికి రేఖీయ ధ్రువణమే ఉంటుంది. రేకును వంచగానే ఆ సమరూపత చెదిరిపోతుంది. పుంజమూ రేకు లంబమూ కలిసి ఒక తలాన్ని నిర్ణయిస్తాయి. ఆ తలానికి లంబంగా పరమాణువుల కోణీయ ద్రవ్యవేగం ఒకే వైపు మొగ్గవచ్చు. అలా మొగ్గితే ఆ దిశ నుంచి చూసేవారికి కాంతి వృత్తాకార ధ్రువణంతో కనిపించాలి. కేవలం సమరూపత ఆధారంగా ఇంత చెప్పగలగడం భౌతికశాస్త్రపు అందాల్లో ఒకటి. 1974లో బెర్రీ, కర్టిస్, ఎలిస్, షెక్ట్‌మన్ వంచిన రేకు నుంచి వచ్చిన హీలియం కాంతిలో ఆ వృత్తాకార ధ్రువణాన్ని నిజంగానే కొలిచారు. రేకును ఎదురు వైపు వంచితే ధ్రువణం తిరిగే దిశ కూడా తారుమారవుతుంది.

ఈ మొగ్గుకు మూలం రేకు లోపల కాదు, అయాన్ చిట్టచివర విడిచే ఉపరితలంలో ఉంది. లోపల ఎన్ని తాకిళ్లు జరిగినా, రేకు పదార్థానికి అది ఎటు వంగిందో తెలియదు. ఉపరితలం దగ్గరి విద్యుత్ క్షేత్రమే కారణమని కొందరు, అక్కడ ఎలక్ట్రాన్లను పట్టుకునే తీరే కారణమని మరికొందరు వివరించారు.

కొలత పద్ధతి కూడా ఈ పనిలోనే పదును తేలింది. తిరిగే పావు తరంగ ఫలకం, దాని వెనుక స్థిరమైన ధ్రువణ ఫలకం ఉంచి, కాంతి ధ్రువణాన్ని వర్ణించే నాలుగు స్టోక్స్ రాశులనూ కొలిచే విధానాన్ని బెర్రీ, గేబ్రియల్స్, లివింగ్‌స్టన్ 1977లో వివరించారు. కాంతి ధ్రువణాన్ని కొలిచేవారు ఇతర రంగాల్లోనూ దాన్ని వాడుకుంటున్నారు.

వంచిన రేకు వల్ల ఎలక్ట్రాన్లకు అబ్బిన మొగ్గు, వాటికీ కేంద్రకానికీ మధ్య ఉండే అతిసూక్ష్మ అన్యోన్యచర్య ద్వారా కేంద్రకానికీ చేరుతుంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో గోల్డ్‌రింగ్, హాస్ వంచిన రేకులను వరసగా పేర్చి ఈ ప్రభావాన్ని పెంచారు. సెర్న్‌లోని ఐసోల్డ్ కేంద్రంలో స్వల్పాయువు గల రేడియోధార్మిక కేంద్రకాల అయస్కాంత భ్రామకాలను కొలవడానికి ఈ పద్ధతినే ఉపయోగించారు.