పారేసినవాటి చిట్టా

“సార్, ఫస్టు ఆ ఫైలు తెరిచేకి చానాసేపు పట్టె. మూసి మళ్లా తెరిస్తే టక్కున వచ్చె. ఎట్ల సార్?”

తనకల్లులో పాత కంప్యూటరు ముందు కూర్చున్న ఎనిమిదో తరగతి పిల్లవాడు అడిగిన ప్రశ్న ఇది. ఫైలు మారలేదు, యంత్రమూ మారలేదు. ఫైలు ఉన్న చోటు మారింది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డు డిస్కుకు ఒక్క చుట్టుకే 8 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. చదివే తల సరైన చోటికి జరగాలి, కావలసిన ముక్క దాని కిందికి రావాలి. అన్నీ కలిపితే పన్నెండు, పదమూడు మిల్లీసెకన్లు. ర్యామ్ అదే ముక్కను సెకనులో కోటో వంతులో అందిస్తుంది. అంటే లక్ష రెట్లకు పైగా తేడా. అందుకే ఒకసారి చదివినదాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ ర్యామ్‌లో ఖాళీ ఉన్నంతవరకు వదలదు. ఫైల్ క్యాష్ అంటే ఇదే. ‘ర్యామ్ నిండిపోయింది’ అని భయపడి దాన్ని ఖాళీ చేయించేవాళ్లు కంప్యూటరు వేగాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నారు.

ర్యామ్ రెండు జీబీలే ఉన్నప్పుడు ప్రోగ్రాములకెంత, క్యాష్‌కెంత అన్న తగవు మొదలవుతుంది. విండోస్ 98 కాలంలో ఈ తగవు మనిషే తీర్చేవాడు. సిస్టమ్.ఐఎన్ఐ ఫైల్లో ‘వీక్యాష్’ భాగం కింద కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అని కిలోబైట్లలో రాసేవాళ్లం. ర్యామ్ 512 ఎంబీ దాటితే అక్కడో వింత జరిగేది. క్యాష్ తనకోసం చిరునామాలన్నీ ఆక్రమించేయడంతో, మెమరీ ఎక్కువైనందుకే ‘మెమరీ చాలదు’ అన్న సందేశం వచ్చేది! గరిష్ఠాన్ని తగ్గించి రాస్తే యంత్రం దారికొచ్చేది.

క్యాష్‌కు ఎంత చోటు ఇవ్వాలన్నది చిన్న చిక్కే. నిండాక దేన్ని బయటికి పంపాలన్నదే అసలు చిక్కు. 1966లో ఐబీఎంలో లాస్లో బెలాడీ దీనికి తిరుగులేని జవాబు చెప్పాడు: అన్నిటికన్నా ఆలస్యంగా మళ్లీ అవసరమయ్యేదాన్ని తీసెయ్యాలి. కానీ దానికి భవిష్యత్తు తెలియాలి. తెలియదు గనుక యంత్రాలు గతాన్ని పట్టుకున్నాయి. అన్నిటికన్నా ఎక్కువ సేపుగా ఎవరూ ముట్టనిదాన్ని తీసెయ్యడమే వాటి సూత్రం. చాలావరకు బాగా పనిచేస్తుంది. వైరస్ స్కాన్ మొదలైతే మాత్రం కుప్పకూలుతుంది. మళ్లీ ఎన్నడూ అక్కరలేని వేల ఫైళ్లు ఒక్కసారి కంటపడి, ‘తాజావి’ అన్న హోదాతో రోజూ వాడేవాటిని తోసేస్తాయి.

2003లో ఐబీఎం ఆల్మడెన్ కేంద్రంలో నిమ్రోద్ మెగిద్దో, ధర్మేంద్ర మోధా దీనికి కనిపెట్టిన విరుగుడు నాకు ప్రాణం. దాని పేరు ఆర్క్. క్యాష్‌లో రెండు వరుసలు ఉంటాయి. ఈ మధ్య ఒక్కసారే కనబడినవి ఒక వరుస, రెండుసార్లో అంతకన్నా ఎక్కువో కనబడినవి మరొకటి. స్కాన్ తెచ్చిన వేల ఫైళ్లు మొదటి వరుసలోనే కొట్టుకుపోతాయి, రెండోదాని జోలికి పోలేవు. అసలు తెలివి ఆ తర్వాత ఉంది. ప్రతి వరుసా తాను బయటికి పంపినవాటి పేర్లను ఒక చిట్టాలో ఉంచుకుంటుంది. సరుకు ఉండదు, పేరు మాత్రమే. ఏరువాక ముందు విత్తనాల అంగడివాడు, తన దగ్గర అయిపోయాక కూడా జనం ఏ రకం అడిగారో రాసుకున్నట్టు. మొదటి చిట్టాలో ఉన్న పేరును ఎవరైనా మళ్లీ అడిగితే ‘దీన్ని తొందరపడి పంపాను’ అని క్యాష్‌కు తెలుస్తుంది. మొదటి వరుసకు చోటు పెంచుతుంది. రెండో చిట్టాలోని పేరు అడిగితే రెండోదానికి. వీక్యాష్ అంకెలతో మనిషి చేత్తో తిప్పిన మరలాంటిదాన్నే యంత్రం తన పొరపాట్లు చూసుకుంటూ తానే తిప్పుకుంటోంది. పైగా ఆ పేర్లకు పట్టే చోటు స్వల్పం.

తర్వాతి కథ త్వరగా నడిచింది. జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ దీన్ని తీసుకుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ 2005లో తీసుకుని, పేటెంటు చిక్కు వల్ల కొద్ది నెలలకే వదిలేసింది. 2014లో వచ్చిన 3.15 కెర్నెల్ నుంచి లినక్స్ కూడా తనదైన పద్ధతిలో బయటికి పంపిన ముక్కల జాడ దాచుకుంటోంది.

అయినా లినక్స్ నడిచే పాత యంత్రంలో మన చేతికి రెండు మరలు మిగిలాయి. ఒకటి స్వాపీనెస్. ర్యామ్ చాలనప్పుడు ప్రోగ్రాముల ముక్కలను డిస్కులోని స్వాప్‌కు ఎంత తేలిగ్గా పంపాలో చెప్పే అంకె అది. మామూలు విలువ 60. దాన్ని 10 చెయ్యమని చాలామంది చెబుతారు. అలా చేస్తే తెరిచిన ప్రోగ్రాములు ర్యామ్‌లో నిలుస్తాయి, క్యాష్ మాత్రం చిక్కిపోతుంది. తెరిచి మరిచిపోయిన ప్రోగ్రాములుంటే ఇది నష్టమే. మార్చాక ‘వీఎంస్టాట్’ పట్టికలో స్వాప్ రాకపోకలు చూపే ఎస్ఐ, ఎస్ఓ గళ్లు చూడాలి. అంకెలు సున్నా దగ్గరే ఉంటే స్వాప్ బెడద లేనట్టే.

రెండోది కరెంటు నిలకడలేని మా వైపు మరీ ముఖ్యం. చాలా రాతలు ముందు ర్యామ్‌లోని క్యాష్‌లోనే పడతాయి, అక్కడ దాదాపు 30 సెకన్లు ఆగి డిస్కుకు బయలుదేరతాయి. ఈలోగా కరెంటు పోతే రాసింది పోయినట్టే. ‘డర్టీ ఎక్స్‌పైర్ సెంటీసెక్స్’ విలువను (సెకనులో వందో వంతుల్లో) 3000 నుంచి 500కు దించితే ఆ గడువు ఐదు సెకన్లవుతుంది. డిస్కుకు కొంత పని పెరుగుతుంది. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయిన యంత్రంలో నేనైతే ఆ ధర సంతోషంగా చెల్లిస్తాను.